ఇద్దరి సరే

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఆ ఇంట్లో పొట్టికీ వాళ్ళ వదినకీ మధ్య ఒక్క పోట్లాటైనా చూసినవాళ్ళు లేరు. పొట్టి కాలేజీలో లెక్కలు చెబుతుంది. వదిన పళ్ళ డాక్టరు. ఖాళీ దొరికినప్పుడల్లా ఇద్దరూ ఉత్తపుణ్యానికి ‘మేస్త్రి’ని సాకుతుంటారు. మేస్త్రి మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేర్. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ముక్కల్నీ ఇతరులు రాసిన ముక్కల్నీ చేర్చి అతికించుకోవడానికి దాన్ని వాడతారు. వాడటానికి పైసా ఇవ్వక్కర్లేదు. తిట్టడానికీ అక్కర్లేదు కాబట్టి ఆ పని ధారాళంగా జరుగుతుంది. మేస్త్రి దగ్గర కూలీ లేని కూలీలు మీరిద్దరూ అని పొట్టి అన్నయ్య వెక్కిరిస్తాడు.

మేస్త్రి బతికేదీ అరువు సరుకు మీదే. ఎవరెవరో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలు, లైబ్రరీలంటారు, దాని కడుపులో ఉన్నాయి. వాటిలో దేనికి కొత్త వెర్షన్ వచ్చినా ఇద్దరూ చదివి, ఇద్దరూ ‘సరే’ అంటేనే లోపలికి రానివ్వాలని వదిన నియమం పెట్టింది. ఒకరి కన్ను కప్పినా రెండోవారి కన్ను కప్పలేరని ఆవిడ ధీమా.

ఆ ఆదివారం పొద్దున్నే ఎవరో కబురు పెట్టారు. ఫైళ్ళు విప్పే ఒక చిన్న లైబ్రరీ, మేస్త్రిని వాడేవాళ్ళ పాస్‌వర్డ్‌లను ఎక్కడికో చేరవేస్తోందట. పొట్టి దాని కొత్త వెర్షన్ తెరిచింది. పాస్‌వర్డ్‌లు లాగే ఆ నాలుగు లైన్ల దొంగ ఏ మూలో నక్కి ఉంటాడనుకుంది. మొదటి పేజీలోనే కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు. చదివితే ఎవరికైనా కనపడేవాడే. కింద వదిన ‘సరే’, దాని కింద తన ‘సరే’ ఉన్నాయి.

తను చదవలేదు. అది ఆ ఒక్కసారి సంగతీ కాదు. వదిన ‘సరే’ కనపడితే చాలు, కళ్ళు మూసుకుని తనూ కొట్టేసేది. అంత జాగ్రత్త మనిషి చూశాక మళ్ళీ చూడటం ఆవిణ్ణి అనుమానించినట్టే కదా అనుకునేది.

ఎలా జరిగిందో చెప్పమని మేస్త్రిని వాడే జనం అడుగుతున్నారు. ‘ఇద్దరం చదివాం, చాలా తెలివిగా దాచారు’ అని పొట్టి జవాబు రాసుకుంది. పంపబోతుంటే వదిన వచ్చి పక్కన కూర్చుంది.

“తెలివిగా దాచారా?” అంది తెర చూసి.

పొట్టికి ఏడుపొచ్చేసింది. “నేను చదవలేదు వదినా. నువ్వు చూశావు కదా అని...”

“నేనూ చదవలేదే,” అంది వదిన. “నా తర్వాత నువ్వు చూస్తావు కదా అని.”

తిలాపాపం తలా పిడికెడు. పొట్టి రాసింది చెరిపేసి, ఇద్దరం చదవలేదని రాసి పంపింది. తిట్లు వచ్చిపడ్డాయి. ‘మీరిద్దరూ ఉన్నారు కదా అని మేమూ చూడలేదు’ అని ఒకాయన రాశాడు. ఆయన తిట్టలేదు గానీ, అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక తక్షణం దొంగను బయటికి నెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకెవరి పాస్‌వర్డో పోతుంది. కొత్త వెర్షన్ తీసేసి దాని ముందున్నది పెట్టేలా పొట్టి గబగబా మార్పు చేసింది.

“వదినా, సరే కొట్టు. త్వరగా.”

“ఉండు, ఆ ముందుదాన్ని చదవనీ.”

“అది మనం వాడినదేగా! ఒక్క లైను మార్చాను, అంతే. నా మీద నమ్మకం లేదా?”

వదిన కళ్ళజోడు పెట్టుకుంది. “లేదు,” అంది.

కోపంగా అనలేదు. అయినా పొట్టికి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినలేదు. లేచి వెళ్ళిపోబోయి, మళ్ళీ కూర్చుంది.

వదిన నెమ్మదిగా చదువుతూ పోయింది. ఒకచోట ఆవిడ వేలు తెర మీద ఆగిపోయింది.

“ఇందులోనూ ఉన్నాడే,” అంది.

పొట్టి వంగి చూసింది. నిజమే. దీని కిందా ఇద్దరి ‘సరే’లూ ఉన్నాయి. అంటే ఇది ఎన్నాళ్ళుగానో జరుగుతోంది. జనానికి పంపిన జవాబు మళ్ళీ దిద్దాలి.

“దీని ముందుది తియ్యి,” అంది వదిన.

పొట్టి తెరిచి, ఈసారి తనే మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.