గంగులు దాచుకున్న చోటు

పడవ ఎక్కబోయే మనిషిని ఎక్కడికని అడిగితే చేపలు చెదిరిపోతాయని గంగులు నమ్మకం. అతనొక్కడిదే కాదు, ఆ ఒడ్డున పుట్టిన పిల్లులక్కూడా అదే నమ్మకం. ఎవరైనా నోరు జారి అడిగారా, ఇంటికి తిరిగి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసిన్ని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాల్సిందే.

ఇంతలో సముద్రం మీంచి ఉగ్రవాదులు రావచ్చని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఒడ్డున టెంటు వేసి, మైకు పెట్టి, గరివిడి కుర్రాడు కానిస్టేబుల్ రమేష్‌బాబుని కూర్చోబెట్టారు. పడవ తోసే ప్రతివాణ్ణీ "ఎక్కడికి?" అని అడగడమే అతని ఉద్యోగం.

ఆ ఉదయం గంగుల్నీ అడిగాడు. గంగులు ఇంటికెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వెళ్ళాడు.

"ఏటయ్యా, సముద్రం మీదకెల్తన్నావా, బిందెలు కాళీ సేస్తన్నావా?" అంది పెళ్ళాం లక్ష్మణమ్మ.

అసలు బెంగ వేరే. అది కోనాం చేపల కాలం. సముద్రం మధ్యలో గంగులుకి తండ్రి చూపించిన, నీళ్ళ అడుగున దాగిన రాతి గుట్ట ఒకటుంది. అక్కడి కోనాలు వల పడకముందే తలెత్తి "ఇంత ఆలస్యమైనాదేటిరా" అని కోప్పడతాయట. ఆ చోటు లక్ష్మణమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చూస్తే టెంటు పక్కనే, వల బాగుచేసుకునే నెపంతో ఆమె అన్న కూర్మయ్య కూర్చున్నాడు. వల తేవడం మాత్రం మరిచిపోయాడు.

"దేశం బద్రత మావా, దాసకూడదు," అన్నాడు రమేష్‌బాబు.

"దేశానికి సెప్తాను బాబూ, దేశాన్ని పిలు. కూర్మయ్యకి సెప్పను."

"నాకసలు సెవులే ఇనపడవు బావా," అన్నాడు కూర్మయ్య, ఎవరూ అడక్కుండానే.

"తప్పు సెయ్యనోడికి దాపరికం ఎందుకు మావా?"

"గజపతినగరం పిల్లతో నీకు పెళ్ళి కుదిరినాదట. ఫోనులో ఏటి గుసగుసలాడతన్నావో ఈ మైకులో సెప్పు మరి. తప్పేటి సేస్తన్నావు?"

రమేష్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి. "సరే, నేనే వస్తాను. నా కళ్ళతో సూసి మా ఎస్సైగారికి సెప్తాను," అని పడవెక్కాడు. గంగులు మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

కెరటాలు దాటీ దాటకముందే రమేష్‌బాబు పొద్దుటి ఇడ్లీలు సముద్రానికి సమర్పించుకున్నాడు. ఆ తర్వాత నిన్నటి అన్నం. గుట్ట దగ్గరికి వచ్చేసరికి, అన్నప్రాశననాడు తిన్న పాయసం కూడా బయటికొచ్చింది.

పడవ నిండా కోనాలతో ఒడ్డుకి చేరగానే ఎస్సై ఫోను చేశాడు.

"ఏమోయ్, ఎక్కడికెళ్ళాడు?"

"తెలీదు సార్. పడవ అడుగు మాత్రం బాగా చూశాను, ఉగ్రవాదులు లేరు." ఇసకలో పడుకునే మాట్లాడుతున్నాడు. "ఒక మాట సార్. ఎవరెళ్తున్నారో గుర్తింపు కార్డు చూద్దాం. ఎప్పుడొస్తారో అడుగుదాం. కొత్త మొహం కనిపిస్తే వీళ్ళే మనకి చెప్తారు. ఎక్కడికన్నది వదిలేద్దాం సార్. ఇంకోసారి చూసి రమ్మంటే మాత్రం నేను రాజీనామా చేస్తాను."

ఎస్సై సరేనన్నాడు. గంగులు గుండెల మీంచి లంగరు లేచింది.

కూర్మయ్య మాత్రం కానిస్టేబుల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "బాబూ, ఒక్కటి సెప్పు. ఎల్లినప్పుడు సూర్యుడు మొగం మీదున్నాడా, ఈపు మీదున్నాడా?"

"బోర్లా పడున్నాను మావా. ఈపు మీదే ఉన్నాడు."

కూర్మయ్య వేళ్ళు మడిచి లెక్క కట్టాడు. పొద్దుట సూర్యుడు వీపు మీదుంటే, పడవ పడమరకి వెళ్ళినట్టే.

"ఇంకేటి బావా," అన్నాడు గంగులు, చేపల్ని బుట్టలోకి విసురుతూ, "రేపు వల తీసుకుని పడమటేపు వరిసేలోకి దిగిపో."