ఎప్పుడని అడిగారు, కావాలా అని అడగలేదు

“పాటలు పెట్టమంటే ఇదేటే దోర్కా, లూపు ఏయించుకోమంటంది మీ టీవీ?”

హాల్లోంచి అత్తగారు ఎలీసమ్మ కేకేసింది. దోర్కా వంటింట్లో చేపలు తోముతోంది. ఆదివారం. చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చేసరికి టీవీ నిండా అవే బొమ్మలు. ఒక డాక్టరమ్మ కాపర్-టి పట్టుకుని చూపిస్తోంది. రెండో బిడ్డ వద్దనుకునే వాళ్ళకి అని కింద రాసి ఉంది. సోఫాలో భర్త విల్‌ఫ్రెడ్, పక్కన భోజనానికి వచ్చిన మరిది సమూయేలు.

“నాను ఎతకలేదురా బాబూ,” అన్నాడు విల్‌ఫ్రెడ్ తమ్ముడితో. “మీ వదిన డాక్టరు పరీక్షకి సదువుతంది.”

సమూయేలు తల దించుకుని నవ్వాడు. ఎలీసమ్మ నవ్వలేదు.

“నీ కూతురు ఏంజెలాకి ఏడో ఏడొచ్చింది. మనవడు ఎప్పుడొత్తాడా అని నాను సూత్తంటే, నువ్వు సాటుగా సూసేది ఇదేటి?”

దోర్కా చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. పులుసు ఉడికింది, అందరూ తిన్నారు, బాగుందన్నారు.

పెళ్ళైన కొత్తలో ఫోను కొనిచ్చి విల్‌ఫ్రెడ్ అందులో తన అకౌంటే పెట్టాడు. తర్వాత టీవీలోనూ అదే. “ఇంటికొకటి చాలు. పాస్‌వర్డులు నువ్వేటి గుర్తెట్టుకుంటావు?” అన్నాడు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్టు మీదున్న ఆఫీసులో ఆమె పనే అది. ఐరోపాలో ఒక బస్సుల కంపెనీ ఉంది. వాళ్ళ ఉద్యోగుల అకౌంట్లన్నీ ఆమె చేతిలో ఉంటాయి. పాస్‌వర్డు మరిచిపోయిన వాళ్ళకి కొత్తది ఇస్తుంది. బ్రౌజరులో ఏది తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో ఆమె పెడుతుంది. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఆ కళ్ళు తీసి గుమ్మం బయట పెట్టి వచ్చేది. ఫోనులో వెతికింది టీవీలో తేలుతుందని తెలియక కాదు. ఈ ఇంట్లో తనకంటూ ఒక సంగతి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు, అంతే. మొదటి కాన్పుకి నెత్తురు ఎంత పోయిందో, ఉన్న ఉద్యోగం ఎలా పోయిందో, మళ్ళీ ఒకటి దొరకడానికి ఎన్ని మెట్లు ఎక్కిందో ఆ ఒంటికి తెలుసు. రెండో బిడ్డ కావాలా అని ఎవరూ అడగలేదు. ఎప్పుడు అని అడిగారు. అలా అడగడాన్నే అందరూ ప్రేమ అన్నారు, ఆమె కూడా అనుకుంది.

సోమవారం ఆఫీసులో మేనేజరు ఉమాశంకర్ కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఐరోపాలో పెద్ద ఇంటర్నెట్ కంపెనీల మీద కొత్త చట్టం నడుస్తోంది. వెతికేదీ, వీడియోలు చూసేదీ, దారి చూపేదీ అన్నీ ఒకే కంపెనీవైనా సరే, ఒకచోట మనిషి చేసింది ఇంకోచోటికి చేరవేయాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న ఇప్పుడు బస్సుల కంపెనీ ఉద్యోగుల ముందుకు వస్తుంది. దానికి తగ్గట్టు సెట్టింగులు మార్చి, అందరికీ ఒక కబురు రాయడం దోర్కా పని.

“అవును నొక్కమని రాసేయండి దోర్కా గారూ. ఎవరికి తీరిక ఇదంతా చదవడానికి?”

“మనం చెప్పకూడదంట సార్. వాళ్ళనే తేల్చుకోనియ్యమని రాసినారు.”

“వద్దన్నవాళ్ళు రేపు ఇది పనిచేయట్లేదు, అది పనిచేయట్లేదు అని మీకే ఫోను చేస్తారు.”

“చేస్తే ఎత్తుతాను సార్.”

ఆయన నవ్వి లేచాడు. దోర్కా రాయడం మొదలుపెట్టింది. మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. వద్దంటే మీ ఉద్యోగానికి ఏమీ కాదు. తర్వాత మనసు మార్చుకోవచ్చు. ఇంగ్లీషులో రాసి, తప్పులు దిద్దడానికి మళ్ళీ చదివింది. ఎక్కడో ఒక డ్రైవరు డ్యూటీ దిగి ఏ పాట విన్నాడో ఇంకో యాప్‌కి చెప్పాలంటే అతన్ని అడగాలి. ఆ అడగడాన్ని తను ఇక్కడ కూర్చుని ఇంత మర్యాదగా రాస్తోంది. తన ఒంటి సంగతి హాలంతా చూసింది. ఆ చట్టం ఖరగ్‌పూర్ దాకా రాలేదు. సెట్టింగులు మాత్రం ఇక్కడా ఉన్నాయి.

భోజనం వేళ డబ్బా విప్పకుండా ఫోను తీసింది. విల్‌ఫ్రెడ్ అకౌంటు తీసేసింది. తన పేరుతో కొత్తది చేసుకుంది. వెతికినవి దాచిపెట్టే సెట్టింగు ఆపేసింది. ఆఫీసులో ఇలాంటివి ఎందరికో చేసింది, తనకి చేసుకోవడం ఇదే మొదటిసారి.

సాయంత్రం టోటో రిక్షా దిగి ఇంట్లో అడుగు పెట్టగానే విల్‌ఫ్రెడ్ ఫోను చూపించాడు.

“నువ్వు ఇందులో కనబడటం లేదేటి?”

“నాకొకటి ఏరేగా చేసుకున్నానండి.”

“మొగుడికి తెలవకూడనివి ఏటున్నాయి నీకు?”

“అడగరా, గట్టిగా అడుగు,” అంది ఎలీసమ్మ టీవీ ముందు నుంచి.

“నానూ అదే అంటన్నాను అత్తమ్మా. అడగమనే.” దోర్కా సంచి బల్ల మీద పెట్టింది. “రేపు రైల్వే ఆసుపత్రికి ఎళ్తన్నాను. ఎందుకో ఆ ఫోనులో ఉండదు. నన్నే అడగాల.”

విల్‌ఫ్రెడ్ అలవాటు కొద్దీ చేతిలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. తల ఎత్తి ఆమె ముఖంలోకి చూడాల్సి వచ్చింది.

“ఎందుకు?” అన్నాడు.

అడిగాడు కాబట్టి దోర్కా చెప్పింది. సరేనా అని మాత్రం అడగలేదు.