కాంటా మీద ఈదమ్మ

పల్లీల బస్తాను దింపేసి, అదే పలక మీద ఈదమ్మను ఎక్కించారు. ఆమె మోకాళ్ల మధ్య కొంగు బిగించుకుని, కాంటా గొలుసు పట్టుకుని గొంతుక్కూర్చుంది. దవాఖానలో ఉన్న తూకపు యంత్రం ఆమె బరువుకు చాలదు. అందుకే వారం వారం డాక్టరు ఆమెను దేవరకొండ అంగడికి పంపుతాడు. హమాలీ మల్లన్న కొత్తగా వచ్చిన కిలో రాళ్లు అవతలి పలకలో పేరుస్తున్నాడు.

"జర కదలకు ఈదమ్మా! గటక తాగే ఒళ్లా గిది? దొరల ఒళ్లు!"

అంగడంతా నవ్వింది. ఒక మనిషిని బస్తాలా తూచడం వాళ్లకు వేడుక. థూ!

ఈదమ్మ ఆ దవాఖానలో ఆయా. రోగుల మలమూత్రాలు ఎత్తి బతుకుతోంది. పూటకింత జొన్న గటక తప్ప ఎరగదు, ఒళ్లు మాత్రం ఏటేటా పెరిగింది. గడీలోని దొరసానిదీ అదే ఒళ్లు. ఆవిడ కోసం డాక్టరు పట్నం నుంచి కొవ్వు కరిగించే గోలీలు తెప్పించాడు. పెద్దింటి మనిషి, ఏమన్నా అయితే? అందుకని ముందుగా ఈదమ్మ చేత మింగిస్తున్నాడు. "వంగి ఊడ్వలేనిదానికి జీతమెందుకు? సన్నబడితేనే పనిల ఉంచుత" అన్నాడు. ఆ పని పోతే ఆమెకు గటక కూడా లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అంగడి నుంచి దవాఖానకు తిరిగొచ్చేసరికి ఆమె చేతులు వణుకుతున్నాయి.

"గుండె దడదడ కొట్టుకుంటాంది సారూ. కన్ను మూతపడ్తలేదు. ఆకలే అయితలేదు."

"ఆకలి కావొద్దనే గదా గోలీ!"

మేకను బేరమాడేవాడిలా ఆమె దండచెయ్యి నొక్కి చూశాడు డాక్టరు. మొహం వెలిగింది.

"తగ్గినవ్. ఇయ్యాల ఇంకోటి ఎక్కువేసుకో. రేపు దొరసానికి మొదలు పెడ్త."

ఈదమ్మ మింగింది. మధ్యాహ్నం పెరట్లో నెత్తుటి గుడ్డలు ఉతుకుతూ గోడకు చేరగిలబడింది. నీళ్ల కోసం వచ్చిన మరో ఆయా యాదమ్మ, కునుకు తీస్తోందనుకుని పిలిచింది. భుజం పట్టి కుదిపింది. ఈదమ్మలో ప్రాణం లేదు.

డాక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"కొవ్వు గుండెకు పట్టింది. తిండి ఎక్కువైతే గింతే."

వెంటనే గడీకి కబురు పంపాడు: గోలీలు వద్దు, ఉలవకట్టు తాగి పొద్దున్నే నాలుగడుగులు నడవమని. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అది చూసి యాదమ్మ పక్కకు పోయి ఉమ్మింది.

చీకటి పడకముందే పీనుగును తీసుకుపోయారు. పెరట్లో తీగ మీద ఈదమ్మ రెండో రవికె ఆరుతూ ఉండిపోయింది. ఆ ఊళ్లో అది దొరసానికి తప్ప ఇంకెవరికీ సరిపోదు.