సగం ఎత్తు కార్డు

సీపీయూ డబ్బా పక్క రేకు విప్పి, లోపలి దుమ్మును ఆమె పాత పెయింటు బ్రష్షుతో దులుపుతోంది. సాయంత్రం ఐదింటిలోగా ఒక గది బొమ్మను అచ్చం ఫొటోలా తయారుచేసి పంపితే డిజైన్ ఆఫీసులో ఉద్యోగం ఖాయం. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆ ఇంట్లోంచి బయటపడే దారి అదొక్కటే దొరికింది. కంప్యూటరేమో ఆ బొమ్మ తెరవగానే బిగుసుకుపోతోంది. కంపెనీవాళ్ళే బిగించి అమ్మిన బుల్లి డబ్బా అది. బొమ్మల బరువు మోసే గ్రాఫిక్స్ కార్డు కొత్తది వెయ్యాలి, అదీ సగం ఎత్తుదే పడుతుంది, పవర్ సప్లై కూడా అంతంతమాత్రం. ఇదంతా కాగితం మీద రాసి మొగుడి చేతికిచ్చింది.

అతను కార్ల షోరూములో సేల్స్‌మన్. కాగితం జేబులోంచి తీయకుండానే, రెండు ఫ్యాన్లున్న ఇటుకంత కార్డు పట్టుకొచ్చాడు.

"ఇది పట్టదండీ. దీనికి కరెంటు కూడా చాలదు."

"షాపువాడికంటే నీకెక్కువ తెలుసా?"

"మగాడు కష్టపడి తెచ్చాక పట్టదంటావేమిటే? కాస్త జరిపి చోటు చెయ్యి," అంది అత్తగారు సోఫా దిగకుండా.

చోటు చెయ్యడం ఆమెకు కొత్తా? అతని చొక్కాలకు బీరువా అంతా ఇచ్చింది, అత్తగారి మందులకు తన పుస్తకాల అర ఇచ్చింది. తనకు మిగిలింది వాషింగ్ మెషీన్ పక్క సందు. ఈ విద్య అక్కడే, అన్నానికీ కూరకీ మధ్య నేర్చుకుంది. "మా ఆవిడ బొమ్మలేసుకుంటుంది లెండి," అని చుట్టాల ముందు అతను నవ్వేవాడు. చెంప పగిలిన రోజున అత్తగారిది ఒకటే మాట: "కోపమొస్తే వాడికి ఒళ్ళు తెలీదమ్మా, మనసు మాత్రం వెన్న." ఆమె కూడా నమ్మింది. నమ్మకపోతే మర్నాడు లేచి అతనికి కాఫీ కలపడమెలా?

కార్డు పట్టలేదు. అతను కటింగ్ ప్లేయర్‌తో లోపలి రేకు వంచాడు. అప్పటికీ పట్టలేదు. "దీని సంగతి చూస్తా" అంటూ సుత్తి తెచ్చాడు.

"ఆగండి, బోర్డు పగిలిపోతుంది!" ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టింది.

ఎత్తిన సుత్తి గాల్లో ఆగింది. అతను ఆమె చేతిని చూశాడు. ఏ వేలు ఎక్కడుందో చూశాడు. అప్పుడు కొట్టాడు.

రెండు వేళ్ళు నుజ్జయ్యాయి. గోరు లేచిపోయి, నెత్తురు బోర్డంతా చిమ్మింది.

"అడ్డం పెడితే తగలదూ?" అంది అత్తగారు.

ఒళ్ళు తెలీదా? బ్రహ్మాండంగా తెలుసు. ఎనిమిదేళ్ళూ తెలిసే కొట్టాడు. నొప్పికంటే ముందు ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఎడంచేత్తో సుత్తి లాక్కుంది. అతను ఫ్రిజ్‌కి అతుక్కుపోయాడు. ఆ నుదుటి మీద ఎక్కడ కొట్టాలో, ఎముక ఎలా విరుగుతుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. చూడ్డానికి హాయిగా కూడా ఉంది.

"అయ్యయ్యో, నీ మొగుడే!"

"తెలుసత్తయ్యా. చూసే ఎత్తాను."

సుత్తి కొత్త కార్డు మీద పడింది. మళ్ళీ పడింది. ఫ్యాను రెక్కలు విరిగి ఎగిరి అతని ముఖానికి కొట్టుకునేదాకా ఆమె ఆగలేదు. తర్వాత ఎడంచేత్తోనే ఒక్క స్క్రూ విప్పి, తన పనంతా ఉన్న వేలెడంత డిస్కును బయటికి తీసింది. ఎవరూ అడ్డం రాలేదు. ఆస్పత్రికి వెళ్ళే దారిలో డిజైన్ ఆఫీసుకు ఫోన్ చేసి, మీ కంప్యూటర్ మీద కూర్చుని పూర్తి చెయ్యనా అని అడిగింది. రమ్మన్నారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గాయం కడుగుతూ అడిగింది. "ఎలా తగిలింది?" కిందటిసారి ఇదే గదిలో, ఇదే ప్రశ్నకు, మెట్ల మీద జారానని చెప్పింది ఆమె.

"కాస్త త్వరగా కట్టండి, ఐదింటిలోగా నాకు పనుంది," అంది ఇప్పుడు. "తగల్లేదు డాక్టర్‌గారూ. నా మొగుడు ఆగి, చూసి, కొట్టాడు. అలాగే రాయండి."