పొయ్యి యడుగున

హేమంతము ముదిరి మంచు తడిసిన దూదివలె కాఫీతోటల కొమ్మల నంటుకొని జాము ప్రొద్దెక్కినను రవికిరణములను నేలకు దిగనీయక నిలువరించుచున్న యొకానొక పుష్యమాస ప్రాతఃకాలమున లంబసింగి చేరువ కొండపల్లెలోని పెంకుటింట కాసులమ్మ యను నిల్లాలు నట్టింటి చలిపొయ్యి కెదురుగా మోకాళ్లపై గడ్డమానించి కూర్చుండెను.

ఆ పొయ్యిగుంటలోని బూడిదను రెండు మాసములుగా నెవ్వరును తీయలేదు. ఆమె పెనిమిటి బొంజుబాబు దూరదేశపు సరిహద్దు కొండలలో రోడ్డుపనికి వెడలిన నాటి వేకువ స్వహస్తములతో రాజేసిన మంట తాలూకు భస్మమే యందలి యడుగుపొర. ఊరికి వెడలినవారి వెనువెంటనే యిల్లూడ్వరాదన్న కట్టుబాటు ఒక్క పూటకు సంబంధించినదే యైనను విరహాతురయైన యా యిల్లాలు దానిని బూడిదకు గూడ వర్తింపజేసి యతడు మరలివచ్చు దినమువఱకు పొడిగించెను. దినదినము పైపైన వేసిన మంటలచే గుంట నిండి పొర్లిన బూడిద తలుపు తీసినప్పుడెల్ల లేచి చాపలమీదను కూటికుండ మూతమీదను నాలుగేండ్ల కూతురు ముత్తెము కనుఱెప్పలమీదను వ్రాలుచుండెను. బొంజుబాబు ఫోను మూగవోయి పదునాఱు దినములయ్యెను. ముత్తెము దగ్గు మాత్రము ఒక్క రేయియు మూగవోలేదు.

అత్త దేముడమ్మ మనుమరాలి వీపు నిమురుచు కోడలివంక చూచెను.

“ఏటే, ముత్తెం గుంట రొమ్ములో పిల్లికూతలు. ఇనపడ్నేదా?”

“ఇనపడతంది అత్తా.”

“మరెందుకే ఆ బూడిదకి కాపలా? నా కొడుకు బస్సెక్కి పోనాడు గానీ పొయ్యిలో కూకోనేదు.”

“మావ సేత్తో ఎట్టిన మంటత్తా. అదీ తీసేత్తే ఇంకేటుంది నాకు?”

“రేపాడొచ్చి గుంటకిలా ఎందుకైందే అంటే ఏటి సెప్తావు?”

కాసులమ్మ లేచి చీపురందుకొనెను.

“సీపురట్టకు. దుమ్మంతా మళ్లీ గుంట ముక్కులోకే. ఆసుపత్రి నర్సమ్మ సెప్పింది కాదా, నీళ్లు సిలకరించి తియ్యమని.”

అంతట నామె నిప్పారినదో లేదో పుల్లతో కెలకి చూచి తడిచేతితో నీరు చిలుకరించి నానిన బూడిదను ఱేకుతో మెల్లమెల్లగ నెత్తి మూతగల డబ్బాలో నింపదొడగెను. పైపొరలు పోయెను. తుదకు పెనిమిటి వెడలిన నాటి పొరయు వచ్చెను. దానిని గూడ నెత్తి డబ్బాలో వేసెను.

పిదప తడిగుడ్డతో గుంట యడుగును తుడుచుచు నామె యదాటున నిలిచిపోయెను. ప్రయాణమునకు ముందు బొంజుబాబు మెత్తిన యెఱ్ఱమట్టిలో నైదు వ్రేళ్లతో నొక యఱచేతి గుఱుతు మంటలకు కాలి యిటుకవలె గట్టిపడి యుండెను. ఏ జాడ పోవునని రెండు మాసములు బూడిదను కాచెనో యా బూడిదయే యతని జాడను కప్పి యుంచెను.

“ఆడి సెయ్యే,” అని దేముడమ్మ మెల్లగా ననెను.

కాసులమ్మ తన యఱచేతి నందు మోపెను. రాతిరి మంట వేడిమి యింకను మట్టిని వీడలేదు.

నాటినుండి యా యింట బూడిద ఒక్క రేయికి మించి నిలిచి యెఱుగదు. తెల్లవాఱగనే తడిపి యెత్తి తుడిచిన పిమ్మట దగ్గు మానిన ముత్తెము తన చిట్టి చేతిని తండ్రి వ్రేళ్ల నడుమ నుంచి కొలుచుకొనుచుండ తల్లి క్రొత్త కట్టెలు పట్టుకొని యా చేయి తీయువఱకు వేచియుండును.