మూడో పాట తర్వాత

మా ఊరి ఫుట్‌బాల్ మైదానంలో ఏటా జూలై చివరి శుక్ర, శనివారాల్లో పాత రాక్ పాటల పండగ జరుగుతుంది. జరిపించేది ఊరివాళ్ళే నడిపే అగ్నిమాపక దళం. ఒకవైపు గోల్ స్తంభాలు పీకి కంచె పక్కన పడేస్తారు, ఆ చోట వేదిక కడతారు. వచ్చే బ్యాండ్లలో చాలావరకు రివైవల్ బ్యాండ్లే. విగ్గులు పెట్టుకుని, బిగుతు ప్యాంట్లు తొడుక్కుని, పేరున్న విదేశీ బ్యాండ్లను అచ్చు దింపేస్తారు. శనివారం సాయంత్రం ఆరింటికి మాత్రం ఎవరికీ నకలు కాని బ్యాండ్ ఒకటి ఎక్కుతుంది. దాని పేరు కొతెల్నా, అంటే బాయిలర్ గది. వయసులో ఉన్నప్పుడు సహకార వ్యవసాయ క్షేత్రం బాయిలర్ గదిలో సాధన చేసేవాళ్ళట. ఇప్పుడు మిగిలింది ముగ్గురు, ముగ్గురూ డెబ్బై దాటినవాళ్ళే. గిటారు రదీమ్, బాస్ గిటారూ పాటా హీనెక్, డ్రమ్ములు మా తాతయ్య ఆలోయిస్. ఊరందరికీ లోయ్జా.

ఆఖరి పాట అయిపోగానే తాతయ్య లేచి నిలబడి చేతిలోని రెండు కర్రలనూ జనంలోకి విసిరేస్తాడు. నలభై రెండేళ్ళుగా ఇదే ఆనవాయితీ. దొరికినవాళ్ళు వాటిని ఊరి పానశాలకు తీసుకెళ్తే గోడకు తగిలిస్తారు. తాతయ్య మెట్లు దిగి, అగ్నిమాపక దళంవాళ్ళు బీరు అమ్మే బల్ల దగ్గర నిలబడి ఒకటి తాగుతాడు. అప్పుడే మా ఊళ్ళో వేసవి సగం అయిపోయినట్టు.

ఈ ఏడు ఈస్టర్ నాడు తాతయ్య కోడిగుడ్లకు రంగులు వేస్తూ, "మీ నానమ్మ ఎక్కడికెళ్ళింది? నీళ్ళు మరిగిపోతున్నాయి," అన్నాడు. నానమ్మ పోయి ఆరేళ్ళయింది. నేను నోరు తెరిచేలోపే ఆయనకే గుర్తొచ్చింది. గుడ్డు కింద పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు.

"రోజ్కా, ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి చెప్పకు. రదీమ్‌కి అసలు చెప్పకు. ఈ ఒక్క జూలై గడవనీ."

"సరే."

"నాకు మాత్రం అబద్ధం చెప్పకు. నేనడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. చెబుతావా?"

"చెబుతా."

అలా నేను రెండు మాటలిచ్చాను. అవి రెండూ ఒకదానికొకటి అడ్డు వస్తాయని అప్పుడు తోచలేదు.

ఆ నాలుగు నెలలూ సాధనకు తాతయ్య వెంట నేనూ వెళ్ళాను. పది పాటల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి ఆయన ఎడమచేతి పక్క నేల మీద అంటించేదాన్ని. రంగు డబ్బా బోర్లించుకుని పక్కనే కూర్చుని, ఒక్కో పాట కాగానే ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేదాన్ని. ఆయన ఓరగా చూసి తర్వాతది మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్ లోయ్జా, సెక్రటరీని పెట్టుకున్నావు. ఇక మంత్రివి అవడమే తరువాయి," అన్నాడు రదీమ్.

"నీకు కుళ్ళు. నీకు మనవరాలే లేదుగా," అన్నాడు తాతయ్య.

"ఆ పిల్లకి నోరుంటే కదా నీ రహస్యాలు బయటపడేది!" అని హీనెక్ నవ్వాడు. తల దించుకుని పెన్సిల్ చెక్కుకున్నాను.

ఈసారి వరసలో ఒక మార్పు జరిగింది. ఎప్పుడూ ఆఖరున వాయించే పాటను మూడోదిగా పెట్టారు. అందులో హీనెక్ గొంతు పైకి ఎక్కాలి. తొమ్మిది పాటలయ్యాక ఇప్పుడు అది ఎక్కడం లేదు. సాధనలో ఏ ఇబ్బందీ రాలేదు. ఎర్రగీత ఉంది, నేనున్నాను.

పండగ ముందురోజు రదీమ్ అడిగాడు. "స్టేజీ మీద కూడా ఇలాగే కూర్చో అమ్మాయ్. మాకు అచ్చొచ్చింది."

ఎనిమిది వందల మంది ముందు డబ్బా మీద కూర్చోవడం! మా బళ్ళో పద్యం అప్పజెప్పమంటేనే నేను వెనక బెంచీలో దాక్కుంటాను. "వద్దండీ," అన్నాను. ఆ తర్వాత ఆ ఒక్క మాట ఎన్నిసార్లు రాసి కొట్టేశానో నా నోటుబుక్కుకి తెలుసు.

శనివారం ఎండ మండిపోయింది. వేదిక వెనక ఒక రివైవల్ గాయకుడు విగ్గు ఒళ్ళో పెట్టుకుని, బట్టతల తుడుచుకుంటూ కాల్చిన సాసేజీ తింటున్నాడు. అతని డ్రమ్మరు మతోవుష్, కళ్ళకు పెట్టుకున్న నల్లరంగు చెంపల మీదికి కారుతుంటే, తాతయ్యతో చెయ్యి కలిపి, "మీ తర్వాత వాయించనక్కర్లేదు, బతికిపోయాం," అన్నాడు.

పాటల కాగితం వేదిక మీద అంటించి, నేను మెట్ల పక్కన నిలబడ్డాను. సంచిలో ఇంకో జత కర్రలున్నాయి. మొదటి పాట బాగా వచ్చింది. రెండోదీ అంతే. మూడో పాటలో తాతయ్య భుజాలు చూసి ఏడుపొచ్చినంత పనైంది, ఆయన అంత హాయిగా ఉన్నాడు.

పాట ముగిసింది. తాతయ్య లేచాడు. కర్రలు రెండూ గాలిలో తిరుగుతూ జనం మీదికి వెళ్ళాయి.

జనం ఈలలేశారు. హీనెక్ మైకులో, "చూశారా, లోయ్జాకి దాహమేసింది!" అన్నాడు. అందరూ నవ్వారు. తాతయ్య మెట్లు దిగి నా దగ్గరకొచ్చాడు, ముఖమంతా చెమట.

"ఎలా ఉంది పిల్లా? పద, నీకు నిమ్మ సోడా ఇప్పిస్తా."

"తాతయ్యా, ఇంకా ఏడున్నాయి."

"ఏడేంటి? అది ఆఖరి పాటేగా."

"ఈ ఏడాది కాదు. మూడోదానికి మార్చారుగా."

ఆయన కోపంగా చూశాడు. తర్వాత తల తిప్పి వేదిక వైపు చూశాడు. ఇద్దరు ముసలివాళ్ళు మెళ్ళో గిటార్లతో నిలబడి మా వైపే చూస్తున్నారు. జనం ఒకే లయలో చప్పట్లు మొదలుపెట్టారు. తాతయ్య చెయ్యి చాచాడు. సంచిలో కర్రలు తీసి ఇచ్చాను.

"తర్వాతది ఏది?"

పేరు చెప్పాను.

"అది... ఎలా మొదలవుతుంది?"

ముప్పై ఏళ్ళుగా కర్రతో నాలుగు కొట్టి ఆ పాట మొదలుపెట్టేది ఆయనే. నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. కర్రలు నా చేతిలో పెట్టేసి, నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చెప్పకు రోజ్కా."

ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసుకుని మెట్లెక్కాను. వేదిక మీద వెలుతురు తెల్లగా ఉంది. జనం ఉన్నవైపు చూడలేదు. రదీమ్ చెవి దగ్గరకు వెళ్ళి చెప్పాను.

"తాతయ్యకి పాటలు గుర్తుండటం లేదు. ఇక వాయించలేడు."

"ఎండదెబ్బా?"

"కాదు. ఈస్టర్ నుంచీ."

రదీమ్ చెయ్యి తీగల మీద అలాగే ఉండిపోయింది. "నాలుగు నెలలా? మా ముందే కూర్చుని గీతలు కొట్టింది ఇందుకా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మతోవుష్‌ని పిలిచారు. కారిన నల్లరంగుతోనే వచ్చి కూర్చున్నాడు. నా చేతిలోంచి తాతయ్య కర్రలు తీసుకున్నాడు. ఏటా వింటున్న పాటలే, మిగతా ఏడూ తప్పు లేకుండా వాయించాడు. ఎందుకో ఎవరూ జనానికి చెప్పలేదు, జనమూ అడగలేదు. తాతయ్య బీరు బల్ల దగ్గర వేదికకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏ పాట వినిపించినా ఆడే ఆయన కుడికాలు ఆ సాయంత్రం ఒక్కసారీ ఆడలేదు.

ఆదివారం పొద్దున రదీమ్ వ్యానులో డ్రమ్ములు తెచ్చి కొట్టంలో దించాడు. ఎప్పుడూ వాటిని సాధన గదికే తీసుకెళ్ళేవాడు. తర్వాత వంటగదిలో అమ్మతో తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడాడు. అమ్మ గొంతు ఒకసారి పెద్దగా వినబడింది, "నాకెందుకు చెప్పలేదు ఇది?" అని. అది నా గురించే.

తాతయ్య గడప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ నాతో మాట్లాడలేదు. మైదానం వైపు నుంచి సమ్మెట చప్పుడు వస్తోంది, గోల్ స్తంభాలు మళ్ళీ పాతుతున్నారు. నేను వెళ్ళి దగ్గర నిలబడ్డాను.

"నిన్న ఎన్ని వాయించాను?"

పది అనొచ్చు. ఆయన నమ్మేవాడేమో.

"మూడు."

సమ్మెట దెబ్బలు కొన్ని పడ్డాయి.

"చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"మూడోది ఎలా వచ్చింది?"

"మధ్యలో తొందరపడ్డావు. తర్వాత సర్దుకున్నావు."

"అవును," అన్నాడు. "ఎప్పుడూ అక్కడే తొందరపడతాను."

మెట్టు మీద ఇద్దరికి చోటుంది. ఆయన పక్కకు జరగలేదు. నేను నిలబడే ఉన్నాను.