పప్పు ఉడకని నీళ్ళు

ఆ సంవత్సరం నాకు డాక్టరేటు రాకపోవడానికి కారణం నీళ్ళు అంటే కొందరు నవ్వుతారు. కారణం నిజంగా నీళ్ళే.

1984లో నేను నందిగామలోని ఒక చిన్న ఫార్మసీ కళాశాలలో లెక్చరర్‌ని. కాపురం జగ్గయ్యపేటలో. పగలు పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సు వేళ దాకా పరిశోధన చేసుకొనేదాన్ని. ఇప్పుడు నానో అంటున్నవాటిని మేము అతిసూక్ష్మ రేణువులు అనేవాళ్ళం. వెంట్రుక మందాన్ని కొన్ని వందల ముక్కలు చేస్తే ఒక ముక్కంత ఉంటాయి. క్షయ సోకిన పిల్లలకు మందు బాగా ఒంటబట్టాలంటే దాన్ని అంత సన్నగా చెయ్యాలన్నది మా గైడు ప్రొఫెసర్ కొండలరావు గారి ప్రతిపాదన. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వాటిపై సబ్బులాంటి పదార్థంతో పలచని పొర వేసేవాళ్ళం. సీసాలో పొడి ఉంటుంది. తాగించే ముందు తల్లి నీళ్ళు పోసి కలపాలి.

నగరంలోని ఆయన ప్రయోగశాలలో ఆ పొడి నీలిఛాయ గల పాలలా కలిసి, రోజంతా అలాగే నిలిచేది. అక్కడ పోసింది డిస్టిల్డ్ వాటర్. నేను మా ఇంటి బోరునీళ్ళు పోశాను. కాసేపటికే ముక్కలై అడుక్కి దిగింది. జగ్గయ్యపేట నేలంతా సున్నపురాయి. మా బోరునీళ్ళలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. పప్పుకి మున్నేటి నీళ్ళు తెప్పించుకొంటాం. నీళ్ళలోని సున్నం ఆ సబ్బు పొరను విరిచేస్తుంది, పొర పోయిన రేణువులు ముద్దకడతాయి, ముద్దకట్టిన మందు ఒంటబట్టదు. ఇదంతా పరీక్షించి థీసిస్‌లో చివరి అధ్యాయంగా రాశాను.

అది తీసేస్తేనే సంతకం పెడతానని ప్రొఫెసర్ గారు కబురు చేశారు. నేను తియ్యలేదు. ఆయనే నందిగామ వచ్చారు.

ప్రయోగశాలలో స్టూలు మీద కూర్చుని కాగితాలు తిప్పారు.

"ఏంటమ్మా భారతీదేవీ, ఇది థీసిసా, వంటల పుస్తకమా? పప్పు ఉడకదని కూడా రాసావు!"

"ఉడకదు కాబట్టి రాసానండి."

గాజు సామాను తుడుస్తున్న నా విద్యార్థిని జహనారా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంది.

"లోపం నీ చేతిలో ఉంది. ఇదిగో, నేను చేసిన పొడి. నేనే కలుపుతా, చూడు."

మా ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళు జహనారా అందించింది. ఆయన కలిపారు. మంచి చెయ్యి ఆయనది. అచ్చం పాలలా వచ్చింది.

"చూసావా?"

"కాఫీ తాగండి సార్. ఈలోపు అదే చెప్తుంది."

కాఫీ అయ్యేసరికి గ్లాసు అడుగున విరిగిన పాలలా తెల్లటి ముద్దలు.

"గ్లాసు మురికి," అన్నారు.

"కడిగిస్తానండి. ఏ నీళ్ళతో కడగమంటారు?"

ఆయన మొహం ఎర్రబడింది. "కాచి పొయ్యమని సీసా మీద రాయిద్దాం."

"కాచి కూడా చూసానండి. ఆలస్యంగా విరిగింది. విరగడం మాత్రం మానలేదు."

ఆయన గొంతు తగ్గించారు. "మందుల కంపెనీవాళ్ళు ఈ పొడి మీద ఆసక్తిగా ఉన్నారమ్మా. ఈ ఒక్క చాప్టరూ తీసెయ్, నెల తిరక్కుండా డాక్టరువి అవుతావు. మీ ఊరి నీళ్ళ కోసం కెరీర్ పాడుచేసుకుంటావా?"

"మా ఊరి పిల్లలు కూడా తాగే మందే కదండీ. నీళ్ళు పొయ్యకుండా తాగించే ఉపాయం చెప్పండి, ఇప్పుడే చింపేస్తా."

"అయితే సంతకం పెట్టను."

"పెట్టకండి."

"నేనుండగా నీకు ఇంకో గైడు దొరకడు."

"దొరికేదాకా పాఠం చెప్పుకుంటానండి. నా క్లాసుకి మీ సంతకం అక్కర్లేదుగా."

ఆయన గ్లాసు అక్కడే వదిలి వెళ్ళారు. నా రిజిస్ట్రేషన్ రద్దయింది. రద్దు కావడం వల్ల ఒక మేలు కూడా జరిగింది: ఏ ప్రశ్న అడగాలో ఇక నేనే నిర్ణయించుకోవచ్చు. సున్నానికి విరగని పొర ఏది? మర్నాడే దాన్ని తరగతిలో బోర్డు మీద రాశాను.

"ఇది సిలబస్‌లో ఉందా మేడం?" అంది జహనారా.

"లేదు. రాసుకో."

"ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి చూద్దామా మరి?"

"మీ ఇంట్లో ఉన్నాయా ఆ నీళ్ళు?"

తరగతి ఘొల్లుమంది. ఆ రోజు నుంచి చివర్లో పొడి కలపడం ఎప్పుడూ బోరునీళ్ళతోనే చేయించాను. ఎన్నో పొరలు విరిగాయి. చివరికి సబ్బు గుణం లేని ఒక పొర నిలిచింది. 1989లో మరో విశ్వవిద్యాలయం నాకు పట్టా ఇచ్చింది. కొండలరావు గారు తీసెయ్యమన్న అధ్యాయాన్ని ఆ థీసిస్‌లో మొదటిదిగా పెట్టాను. ఒక్క మాటా మార్చలేదు.